మందు చేసేదే చెప్పు

చి. సుధకి,

హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. డాక్టర్లను కలిసి నరాల నొప్పి మందుల సంగతులు వివరించే పని అట కదా. నువ్వు పనిలో చేరకముందే ఒక విషయం చెప్పాలనిపించి రాస్తున్నాను.

గాబాపెంటిన్ అంటే నాకు గౌరవం. మూర్ఛల కోసం పుట్టిన మందు అది. 1993 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ మరో మూర్ఛ మందుకి తోడుగా వాడటానికే. 2002లో సర్పి మానాక మిగిలిపోయే నొప్పికి కూడా అనుమతించారు. ఆ నొప్పి ఎంత పాపిష్టిదో నా దగ్గరికి వైద్యానికి వచ్చే ఒక ముసలి రైతులో చూశాను. పొక్కులు ఎండి నెలలు గడిచినా ఒంటికి చొక్కా ఆననిచ్చేవాడు కాదు. కండువా అంచు తగిలినా విలవిల్లాడిపోయేవాడు. రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే, కొన్ని వారాలకి చొక్కా తొడుక్కుని వచ్చాడు.

కానీ అందరికీ అలా జరగదు. సర్పి నొప్పికీ షుగర్ వల్ల వచ్చే అరికాళ్ళ మంటలకీ ఈ మందు వాడితే, పదిమందిలో ముగ్గురు నలుగురికి నొప్పి సగానికి తగ్గుతుంది. మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలోనూ ఇద్దరికి అలాగే తగ్గుతుంది. ఈ లెక్క దాచకుండా చెప్పినా మంచి డాక్టర్ ఈ మందు రాస్తాడు. మిగతావాళ్ళకి తగ్గకపోతే ఆపి, ఇంకోటి చూస్తాడు.

అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీకి ఆ లెక్క చాలలేదు. న్యూరాంటిన్ పేరుతో దీన్ని అమ్ముతూ మైగ్రేన్‌కీ, బైపోలార్ జబ్బుకీ, ఇంకా ఎన్నిటికో పనిచేస్తుందని డాక్టర్లకు నూరిపోయించింది. బైపోలార్ మీద జరిగిన ఒక పరీక్షలో ఉత్తుత్తి మాత్రే దీనికి సమానంగానో, ఇంకా మెరుగ్గానో పనిచేసింది. అయినా ప్రచారం ఆగలేదు. సలహా సమావేశాలనే పేరు పెట్టి డాక్టర్లను ఫ్లోరిడాకీ, హవాయికీ, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కీ తిప్పారు. అద్దె రచయితలతో వ్యాసాలు రాయించి, వాటి కింద డాక్టర్ల పేర్లు పెట్టించారు.

ఆ 1996లోనే డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే యువ శాస్త్రవేత్త ఆ కంపెనీలో చేరాడు. నీ ఉద్యోగం లాంటిదే అతనిదీ. సైన్సు చెప్పడానికి వెళ్తున్నాననుకున్నాడు. తన చదువుని అడ్డం పెట్టి అనుమతి లేని వాడకాలను అమ్మిస్తున్నారని కొన్ని నెలల్లోనే గ్రహించి బయటికొచ్చి, ప్రభుత్వం తరఫున బోస్టన్ ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. పేదల వైద్యానికి ప్రభుత్వం కట్టే డబ్బు ఈ అబద్ధాల మీద ఖర్చవుతోందన్నది అతని వాదన. ఏళ్ళ తరబడి ఆ కేసు మోశాడు. ఈలోగా ఫైజర్ ఆ కంపెనీని కొనేసింది. 2004లో నేరం ఒప్పుకుని 43 కోట్ల డాలర్లు కట్టారు. అంతకు ముందు ఏడాది ఒక్క న్యూరాంటిన్ అమ్మకాలే సుమారు 270 కోట్ల డాలర్లు. అది శిక్షలా నాకు కనిపించదు సుధా, వ్యాపారంలో ఇంకో ఖర్చులా కనిపిస్తుంది.

డబ్బు సంగతి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది 2009లో బయటపడింది. ఈ మందు మీద అచ్చయిన 12 పరీక్షలను, కంపెనీ లోపలి కాగితాలతో పోల్చి చూశారు. ఎనిమిదింటిలో, మొదట కొలవాలనుకున్నది ఒకటి, పత్రికలో ప్రధాన ఫలితంగా చూపించింది మరొకటి. ఆ పత్రికలు చదివి నమ్మిన డాక్టర్ల తప్పేముంది? నీ చేతికి విజువల్ ఎయిడ్ ఇచ్చినప్పుడు అందులోని గ్రాఫు మాత్రమే చూసి ఊరుకోకు. అసలు పేపర్ అడుగు. పరీక్షకి ముందు రిజిస్టర్ చేసిన వివరాలు తీసి, ఏం కొలుస్తామన్నారో, ఏం కొలిచారో పక్కపక్కన పెట్టుకో.

మన దగ్గర ప్రెగాబాలిన్ రాజ్యమేలుతోంది. గాబాపెంటిన్‌కి చెల్లెలు లాంటిది. మిథైల్‌కోబాలమిన్ కలిపి, నడుం నొప్పన్నా కాలు లాగుతోందన్నా రాసేస్తున్నారు. సయాటికాకి ప్రెగాబాలిన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగు కాదని ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2017లో అచ్చయింది. డాక్టర్ నడుం నొప్పి గురించి అడిగితే అది కూడా చెప్పు. టార్గెట్ తప్పుతుందని మేనేజర్ కసురుకుంటే కసురుకోనీ. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి కూడా అనుమతి దాటి ప్రచారం చేయొద్దనే అంటోంది. ఆ కాగితం చదివి దగ్గర పెట్టుకో. అడ్డదారి పని నోటిమాటగా చెబితే మెయిల్‌లో పంపమని అడుగు.

ముసలివాళ్ళ సంగతి ప్రతి డాక్టర్‌కీ గుర్తుచెయ్యి. ఈ రెండు మందులూ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. మూత్రపిండాలు బలహీనమైతే మందు ఒంట్లోనే ఉండిపోయి మత్తుగా ఉంటుంది, తూలి పడిపోతారు. నిద్రమాత్రలు గానీ నల్లమందు జాతి నొప్పి మందులు గానీ తోడైతే ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది.

మీ నాన్న కూడా అరికాళ్ళ మంటలకి ప్రెగాబాలిన్ వేసుకుంటున్నాడు కదా. క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్ళయిందో కనుక్కో. మంటలు తగ్గాయని తనంతట తాను ఒక్కసారిగా మానేయొద్దని చెప్పు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. రిపోర్టు రాగానే నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెదనాన్న