స్విచ్చి మీద అంకె

సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడు. ఆ ఏడు చలి ఎక్కువ. కట్టెల పొయ్యి మీద అందరికీ నీళ్ళు కాచాలంటే తెల్లవారుజామున మూడింటికే లేవాలి. అందుకని మా మేనత్త నీళ్ళు కాచే కరెంటు రాడ్డు కొన్నది.

రాడ్డుకు ఉన్న ప్లగ్గు పెద్దది. పిన్నులు లావుగా ఉన్నాయి. అత్తా వాళ్ళ ఇంట్లో బోర్డుకు చిన్న రంధ్రాలే ఉన్నాయి. ప్లగ్గు ఎక్కలేదు. అత్త కొడుకు బజారుకు పోయి, పెద్ద ప్లగ్గు కోయించేసి, చిన్న ప్లగ్గు బిగించుకొచ్చాడు. ఇప్పుడు చక్కగా ఎక్కింది. నీళ్ళు కాగాయి. అందరూ సంతోషించారు.

భోగి నాడు బాగానే ఉంది. పండుగ నాడూ బాగానే ఉంది. కనుమ నాడు పొద్దున రెండో బకెట్టు పెట్టారు. కాసేపటికి కమురు వాసన వచ్చింది. గారెలు మాడుతున్నాయేమో అని అత్త వంటింట్లోకి పరుగెత్తింది. గారెలు మాడలేదు. వసారాలో గోడ మీద బోర్డులోంచి సన్నగా పొగ వస్తోంది. కొడుకు స్విచ్చి ఆపబోయాడు. వేలికి వేడిగా, మెత్తగా తగిలింది. స్విచ్చి కదల్లేదు. కరిగి అతుక్కుపోయింది.

ఒక పిల్లవాడు చెంబుతో నీళ్ళు పోయబోయాడు. అల్లుడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. పరుగున పోయి మెయిన్ స్విచ్చి ఆపేశాడు. పొగ తగ్గింది. కరెంటు ఉన్న బోర్డు మీద నీళ్ళు పోస్తే, పోసినవాడికి షాక్ కొడుతుంది. ముందు మెయిన్ ఆపాలి. ఆ తరవాతే ఏదైనా.

మధ్యాహ్నం కరెంటు మేస్త్రీ వచ్చాడు. బోర్డు విప్పాడు. నల్లగా మాడిన స్విచ్చి ఊడదీసి అత్త చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, దీని మీద ఏముందో చదువు" అన్నాడు.

అత్త రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. అంకెలు బాగా వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఆరు. పక్కన ఏదో ఇంగ్లీషు అక్షరం. పాకలాగా ఉంది. మధ్యలో అడ్డకర్ర."

"అది ఎ. ఆంపియర్లని అర్థం. ఇది 6 ఆంపియర్ల స్విచ్చి. ఇప్పుడు రాడ్డు మీద చదువు."

రాడ్డు పిడి మీద చిన్న చిన్న అంకెలు ఉన్నాయి. "పదిహేను వందలు" అంది అత్త.

"అవి వాట్లు. అంటే రాడ్డు ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పే లెక్క. పొలానికి నీళ్ళు పెట్టే తూము తెలుసుగా పెద్దమ్మా? పిల్ల కాలువకు చిన్న తూము. పెద్ద కాలువకు పెద్ద తూము. చిన్న తూములోంచి పెద్ద కాలువ నీళ్ళు తోస్తే ఏమవుతుంది?"

"గట్టు కోసుకుపోతుంది."

"స్విచ్చి కూడా తూము లాంటిదే. దానిలోంచి ఎంత కరెంటు పారవచ్చో ఈ ఆంపియర్ల అంకె చెబుతుంది. మన ఇళ్ళకు 230 వోల్టుల కరెంటు వస్తుంది. కాబట్టి ప్రతి 230 వాట్లకూ ఒక ఆంపియరు. మరి పదిహేను వందలకు ఎన్నో లెక్క చూడు."

అత్తకు భాగహారం అంత బాగా రాదు. ముగ్గుపిండి తీసుకుని గచ్చు మీద 230ని ఆరుసార్లు రాసింది. కూడింది. 1380 వచ్చింది. ఇంకా 120 మిగిలింది. అది 230లో ఇంచుమించు సగం.

"ఆరున్నర" అంది.

"స్విచ్చి ఆరు. రాడ్డు ఆరున్నర" అన్నాడు మేస్త్రీ.

అత్త ఊరుకోలేదు. "అర ఆంపియరుకే ఇంత పనవుతుందా? మరి రెండు రోజులు ఎందుకు మాడలేదు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జవాబు తెలియాలంటే స్విచ్చి లోపల ఏముందో తెలియాలి. లోపల రెండు చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. స్విచ్చి వేస్తే అవి ఒకదానికొకటి తగులుతాయి. అక్కడినుంచే కరెంటు పారుతుంది. కరెంటు పారేచోట కొంచెం వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. స్విచ్చి పాతబడితే ఆ ముక్కలు అరిగి సరిగా తగలవు. అప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది.

అత్తా వాళ్ళది పాత స్విచ్చి. వైరు బిగించిన స్క్రూ కూడా లూజయింది. మిక్సీ అయితే అయిదు నిమిషాలు తిరిగి ఆగుతుంది. స్విచ్చి చల్లబడుతుంది. రాడ్డు అలా కాదు, బకెట్టుకు అరగంట. ఒకదాని తరవాత ఒకటిగా బకెట్లు పెడితే స్విచ్చికి చల్లబడే తీరిక ఉండదు. అలా మూడు రోజులు సాగింది.

"మరి ఫ్యూజు పోలేదే?" అని అల్లుడు అడిగాడు. అక్కడి ఫ్యూజు 10 ఆంపియర్లది. ఆరున్నర పారితే అది ఊరుకుంటుంది. స్క్రూ లూజై వేడెక్కితే ఆ సంగతి ఫ్యూజుకు తెలియదు. ఎంసీబీ ఉన్నా అంతే. కాబట్టి ఫ్యూజు ఉంది కదా అని ధీమా పడకూడదు. స్విచ్చి వేడిగా తగిలినా, చిటపటమన్నా, చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా వెంటనే వాడటం ఆపాలి.

మేస్త్రీ ఇంకో సంగతి చూపించాడు. బజార్లో బిగించిన చిన్న ప్లగ్గుకు రెండే పిన్నులు. ఎర్తు పిన్ను లేదు. నీళ్ళలో పెట్టే రాడ్డుకు ఎర్తు లేకపోవటం స్విచ్చి మాడటం కంటే పెద్ద ప్రమాదం. పెద్ద ప్లగ్గు పెట్టి అమ్మారంటే, పెద్ద స్విచ్చి కావాలని కంపెనీవాళ్ళు చెబుతున్నట్టే. దాన్ని కోసెయ్యకూడదు. పెద్ద ప్లగ్గును చిన్న రంధ్రాల్లోకి ఎక్కించే అడాప్టరు కూడా వాడకూడదు. అది కోసినదానితో సమానమే.

ఇళ్ళకు వాడే స్విచ్చిలు ఎక్కువగా రెండు రకాలు. 6 ఆంపియర్లవి, 16 ఆంపియర్లవి. పాత ఇళ్ళలో 5, 15 అని ఉంటుంది. 10 ఆంపియర్లవి కూడా దొరుకుతాయి. కొన్నిటి మీద ఎ పక్కన ఎక్స్ అనే అక్షరం కూడా ఉంటుంది. ట్యూబులైట్ల వంటి వాటికీ పనికొస్తుందని దాని అర్థం. అంకె మాత్రం మామూలుగానే చదువుకోవాలి.

బల్బులు, ఫ్యాను, టీవీ, సెల్‌ఫోను ఛార్జరు అన్నీ 6 ఆంపియర్ల స్విచ్చితో నడుస్తాయి. 750 వాట్ల మిక్సీకి మూడు ఆంపియర్ల పైచిల్లర. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు నాలుగు పైచిల్లర. వీటికీ 6 చాలు. కరెంటు పొయ్యి, అదే ఇండక్షన్ పొయ్యి, 2000 వాట్లదైతే తొమ్మిది దాకా కావాలి. గీజరు కూడా అంతే. ఇవి 16 ఆంపియర్ల స్విచ్చికే పెట్టాలి. ఏసీకి విడిగా వైరు లాగించి, ఇంకా పెద్ద స్విచ్చి పెట్టించాలి.

నీళ్ళ మోటారు సంగతి వేరు. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు అయిదారు ఆంపియర్లే తీసుకుంటుంది. కానీ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. వోల్టేజి తగ్గితే ఇంకా ఎక్కువ లాగుతుంది. మన ఊళ్ళలో వోల్టేజి సంగతి మీకు తెలిసిందే! కాబట్టి మోటారును 6 ఆంపియర్ల స్విచ్చికి పెట్టకండి.

నాలుగు ప్లగ్గులు పెట్టే పొడుగు వైరు బాక్సులతో కూడా జాగ్రత్త. నాలుగు రంధ్రాలున్నా వైరు ఒక్కటే, గోడకున్న స్విచ్చీ ఒక్కటే. మిక్సీ మూడు, ఇస్త్రీపెట్టె నాలుగు. రెండూ కలిపి వేస్తే ఏడు దాటింది.

అత్త కొడుకు తొందరపడ్డాడు. "అయితే ఈ బోర్డులోనే 16 స్విచ్చి బిగించెయ్యి" అన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. గోడలో ఉన్నది లైట్ల కోసం వేసిన సన్న వైరు. స్విచ్చి పెద్దదై, వైరు సన్నదైతే ఈసారి వైరే వేడెక్కుతుంది. గోడ లోపల వేడెక్కితే ఎవరికీ కనపడదు. 16 ఆంపియర్లకు కనీసం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి. మేస్త్రీలు దాన్ని "రెండున్నర వైరు" అంటారు. మెయిన్ దగ్గర్నుంచి కొత్తగా ఆ వైరు లాగాడు. దానికి విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టాడు. స్విచ్చి, సాకెట్టు కూడా 16వే. ఫేజు వైరు స్విచ్చిలోకి వచ్చిందో లేదో టెస్టరు పెట్టి చూశాడు. ఎర్తు వైరు కలిపాడు.

సామాను తేవటానికి అత్త కూడా వెంట వెళ్ళింది. కొట్టువాడు ఒక స్విచ్చి ఇచ్చి, "ఇది పెద్దదేనమ్మా" అన్నాడు. అత్త వెనక్కి తిప్పి చదివింది. దాని మీద 10 ఉంది. తిరిగి ఇచ్చేసింది. 16 అంకె, ఐ.ఎస్.ఐ. గుర్తు రెండూ ఉన్నది ఏరి తీసుకున్నది.

ఇప్పుడు ఆ ఇంట్లో ప్రతి బోర్డు పక్కనా గోడ మీద సుద్దతో అంకె రాసి ఉంటుంది. మూడు చోట్ల 6. ఒక్కచోట 16. అవి అత్త రాసినవే.

లెక్క చూసి చెప్పండి

అన్నం వండే కుక్కరు మీద 700 అని ఉంది. దానికి ఎన్ని ఆంపియర్లు కావాలి? 6 ఆంపియర్ల స్విచ్చి సరిపోతుందా?

ఒకే బాక్సుకు ఆ కుక్కరూ, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టే పెట్టారు. మొత్తం ఎన్ని ఆంపియర్లు?

మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాట్ల సామాను ఏది? దాన్ని పెట్టే స్విచ్చి మీద ఏ అంకె ఉంది? బయటికి కనపడకపోతే మీరు విప్పకండి. మేస్త్రీ వచ్చినప్పుడు అడిగి, మీరే చదవండి.