చలికాలం లేని దీవుల్లో కొండచిలువకు వేడి ఎందుకు సమస్య?

మనిషి శరీర ఉష్ణోగ్రత చలికాలమైనా, ఎండాకాలమైనా సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలకడగా ఉంటుంది. తిన్న ఆహారం నుంచే ఆ వేడి పుడుతుంది. కొండచిలువకు ఈ సౌకర్యం లేదు. అది ఎండ నుంచి, వేడెక్కిన నేల నుంచి వేడిని తీసుకుంటుంది. ఎక్కువైతే నీడలోకో నీళ్లలోకో జారుకుంటుంది. అంటే చోటు మారడమే దాని ఉష్ణోగ్రత నియంత్రణ.

ప్రపంచంలో అతి పొడవైన పాము రెటిక్యులేటెడ్ పైథాన్. మన దేశంలో ఇది నికోబార్ దీవుల్లో కనిపిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా, చుట్టూ సముద్రంతో ఉన్న ఈ దీవుల్లో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత పెద్దగా మారదు. వానలు మాత్రం నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వల్లా కురుస్తాయి. అందుకే ఇక్కడి కొండచిలువకు తీవ్రమైన చలిని తట్టుకోవలసిన అవసరం రాలేదు.

చలి ఏం చేయగలదో అమెరికాలోని ఫ్లోరిడా చూపింది. అక్కడ అడవుల్లో స్థిరపడిన బర్మీస్ కొండచిలువల్లో పదింటికి రేడియో పరికరాలు అమర్చి పరిశోధకులు గమనిస్తుండగా, 2010 జనవరిలో వచ్చిన చలిగాలులకు తొమ్మిది చనిపోయాయి. శరీరం చల్లబడితే జీర్ణరసాల పని మందగిస్తుంది. మింగిన ఆహారం అరగక పాము కక్కేస్తుంది. రోగాలను ఎదుర్కొనే శక్తీ తగ్గుతుంది.

దీనికి ఒక ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. గుడ్లు పొదిగే ఆడ బర్మీస్ కొండచిలువ వాటిని చుట్టుకుని, కండరాలను పదేపదే వణికించి వేడి పుట్టిస్తుంది. న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలోని ఒక పాముపై జరిగిన ఈ పరిశీలన 1966లో వెలువడింది. పరిసరాలకన్నా గుడ్లు కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉండటానికి ఈ వణుకే కారణం.

పెంపకంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పెట్టెలో ఉన్న పాము చోటు మార్చుకోలేదు. అందుకే పెట్టెలో ఒక చివర వెచ్చగా (సుమారు 31-32 డిగ్రీలు), మరో చివర చల్లగా (సుమారు 25-26 డిగ్రీలు) ఉంచుతారు. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులకు ఇది సాధారణ పద్ధతి. పోర్ట్ బ్లెయిర్ వంటి ఊళ్లో బయటి వాతావరణం కన్నా గదిలోని ఏసీతోనే చలి ప్రమాదం ఎక్కువ. కిటికీ పక్కన ఎండ తగిలే గాజు పెట్టె కొద్దిసేపట్లోనే ప్రాణాంతకంగా వేడెక్కుతుంది. వానాకాలంలో గాలి ఆడని పెట్టెలో తేమ నిలిచి చర్మవ్యాధులు రావచ్చు. రెండు చివర్లా థర్మామీటర్ ఉండాలి. వేడినిచ్చే పరికరానికి థర్మోస్టాట్ తప్పనిసరి.

అయితే ఈ జాగ్రత్తలు చట్టం అనుమతించిన పాములకే. రెటిక్యులేటెడ్ పైథాన్, భారతీయ కొండచిలువ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని పట్టడం, పెంచడం నేరం. పట్టినవారికి 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. విదేశీ కొండచిలువలను పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

పెరట్లోకి కొండచిలువ వస్తే దూరంగా ఉండి, పిల్లలను, కోళ్లను, మేకలను పక్కకు తప్పించి, అటవీ శాఖకు తెలపాలి. ఎండైనా నీడైనా తనకు తగిన చోటు వెతుక్కోగల అడవే దానికి సరైన ఇల్లు.