జుట్టు ఊడుతుంటే ఏం చేయాలి?



తలస్నానం చేసిన మర్నాడు దువ్వెన చూడండి. దానికి చిక్కు వెంట్రుకలు ఉంటాయి. వాటిని ఉండ చుట్టి గోడ సందులో దోపుతాం. వెంట్రుకలు కొనేవాడు వస్తే అమ్ముతాం. ఉండ చిన్నదైతే పట్టించుకోం. ఉండ పెద్దదైతే గుండె గుభేలుమంటుంది.

జుట్టు ఊడితే ఆడవాళ్లకు బెంగ. ఎవరికీ చెప్పుకోలేం. ఎవరో చెప్పిన నూనె కొంటాం. ఏదో ఆకు నూరి రాస్తాం. డబ్బు పోతుంది. అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

ఈ పాఠంలో ఒక ముఖ్యమైన సంగతి తెలుసుకుందాం. జుట్టు ఊడటానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎలా ఊడుతోందో చూస్తే, ఎందుకు ఊడుతోందో తెలుస్తుంది. ఎందుకో తెలిశాకే మందు.

రోజుకు ఎన్ని ఊడతాయి?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక కొన్నేళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు పెరగకుండా ఆగుతుంది. ఆ తర్వాత ఊడిపోతుంది. అదే వేరు నుంచి కొత్తది మొలుస్తుంది. చెట్టుకు పండుటాకు రాలి చిగురు వేసినట్టే.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. రెండు రోజులకొకసారి దువ్వుకుంటే రెండు రోజులవీ ఒకేసారి కనిపిస్తాయి. అది చూసి భయపడకండి.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూరెడు జడ పెరగాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. నెలలో జడ పెంచే నూనె ఏదీ లేదు.

తిరుపతిలో గుండు చేయించుకున్న వాళ్లకు మళ్లీ జుట్టు వస్తుంది. ఎందుకంటే వేరు చర్మం కింద ఉంటుంది. కత్తి దాన్ని తాకదు. అయితే గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట నిజం కాదు. వేర్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి.

కాన్పు తర్వాత ఊడే జుట్టు

ఒక ఊళ్లో అత్తా కోడలూ నర్సమ్మ దగ్గరికి వెళ్లారు. వాళ్ల మాటలు చదవండి.

కోడలు: నర్సమ్మా, పాపకు మూడో నెల. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. చేత్తో నిమిరితే చేతికొస్తోంది.

అత్త: దిష్టి తగిలిందమ్మా. సంతలో నూనె అమ్ముతున్నారు. సీసా 400 రూపాయలంట. కొందామంటే మా వాడు డబ్బుల్లేవంటున్నాడు.

నర్సమ్మ: కడుపుతో ఉన్నప్పుడు జుట్టు ఎలా ఉండేదమ్మా?

కోడలు: బాగా ఉండేది. జడ పిడికిట్లో పట్టేది కాదు.

నర్సమ్మ: అదీ సంగతి. కడుపుతో ఉన్నప్పుడు ఊడాల్సిన వెంట్రుకలు ఊడకుండా ఆగుతాయి. కాన్పయ్యాక రెండు నుంచి నాలుగు నెలలకు అవన్నీ కలిసి ఊడతాయి. ఇది జబ్బు కాదు. దిష్టీ కాదు. వేర్లు బాగానే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి చాలామందికి మామూలైపోతుంది.

అత్త: పాలివ్వడం వల్లే ఊడుతోందని పక్కింటావిడ అంది. డబ్బా పాలు పట్టమంది.

నర్సమ్మ: వద్దు పెద్దమ్మా! తల్లిపాలకూ జుట్టుకూ సంబంధం లేదు. పాలు మాన్పిస్తే జుట్టు రాదు. పాపకు మాత్రం నష్టం. ఏదమ్మా, కన్ను చూపించు. కింది రెప్ప లోపల పాలిపోయి ఉంది. ఐరన్ మాత్రలు మింగుతున్నావా?

కోడలు: మానేశాను నర్సమ్మా. దొడ్డికి నల్లగా వచ్చింది. భయమేసింది.

నర్సమ్మ: అది మాత్ర రంగు. భయం లేదు. కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకొకటి మింగాలి. ఆశా అక్క దగ్గర ఊరికే ఇస్తారు. రేపు రక్తం కూడా పరీక్ష చేద్దాం.

అత్త: మరి నూనె?

నర్సమ్మ: ఆ 400 రూపాయలతో కోడలికి గుడ్లు, ఆకుకూరలు, పప్పు పెట్టండి పెద్దమ్మా.

చదివారు కదా. నూనె కొనుక్కొని ఇంటికి పోతే ఏమయ్యేది? మాత్రలు మానేసిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

పెద్ద జ్వరం వచ్చి తగ్గాక కూడా జుట్టు ఇలాగే ఊడుతుంది. టైఫాయిడ్, డెంగీ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు ఊడుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చి తగ్గిన వాళ్లలో చాలామందికి ఇలాగే జరిగింది. పెద్ద దిగులు పడ్డా, కడుపు మాడ్చుకున్నా ఊడుతుంది. కారణం పోతే జుట్టు మళ్లీ వస్తుంది.

రక్తం తక్కువైతే

జుట్టు తలంతా పలచబడుతోందా? దాంతో పాటు ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం ఉన్నాయా? గోళ్లు, నాలుక పాలిపోయాయా? అయితే రక్తం తక్కువై ఉండొచ్చు. దీన్ని రక్తహీనత అంటారు.

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మన కేంద్రంలో పదిమంది కూర్చుంటే అయిదారుగురికి ఉండొచ్చు.

ఎందుకు ఇంతమందికి? నెలసరిలో ఎక్కువ రక్తం పోతుంది. కాన్పులు వెంట వెంట వస్తాయి. కడుపులో నులిపురుగులు ఉంటాయి. ఇంకో కారణం మన వంటింట్లోనే ఉంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది మనం తింటాం. కూర అయిపోతే పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటాం. ఇది త్యాగం కాదు అక్కలారా. ఇది జబ్బుకు దారి. వండిన కూరలో మన వాటా ముందే తీసి పెట్టుకుందాం.

తోటకూర, మునగాకు, రాగులు, శనగలు, పల్లీలు తినాలి. తినేవాళ్లు మాంసం, కార్జం, చేప, గుడ్డు తినాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే, మాత్ర మింగిన వెంటనే టీ తాగకూడదు. గంటసేపు ఆగాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేస్తారు. ఆడవాళ్లకు 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 గ్రాములు తగ్గకూడదు. మీ సంఖ్య ఎంతో అడగండి. చీటీ మీద మీరే చదవండి.

గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా జుట్టు ఊడుతుంది. ఒళ్లు రావడం, చలి ఎక్కువగా అనిపించడం, నెలసరి తప్పడం ఉంటే డాక్టరుకు చెప్పండి. దానికీ రక్తపరీక్ష ఉంది.

పేనుకొరుకుడు: పేను తప్పు లేదు

కొందరికి తల మీద ఒకచోట గుండ్రంగా జుట్టు పోతుంది. రూపాయి బిళ్లంత ఉంటుంది. అక్కడ చర్మం నున్నగా ఉంటుంది. పొట్టు ఉండదు. పుండు ఉండదు. రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి కనిపించిందంటారు. దీన్నే మనం పేనుకొరుకుడు అంటాం.

పేరు అలా వచ్చింది కానీ పేను కొరకడం వల్ల ఇది రాదు.  మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంటుంది. ఆ శక్తి పొరబడి జుట్టు వేర్ల మీదే పడుతుంది. అందుకే అక్కడ జుట్టు ఊడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు. పెళ్లికాని పిల్లకు వస్తే దాచిపెట్టి బాధపడాల్సిన పని లేదు.

మచ్చ చిన్నదైతే చాలామందికి ఏడాది లోపు తనంతట తనే జుట్టు వస్తుంది. త్వరగా రావడానికి చర్మం డాక్టర్లు ఆ మచ్చలో సన్న సూదితో మందు వేస్తారు. మచ్చలు పెరుగుతుంటే ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు గురివింద గింజ నూరి రాస్తారు. కొందరు జీడిపాలు పూస్తారు. కొందరు వెల్లుల్లి రుద్దుతారు. వీటివల్ల చర్మం కాలి పుండు పడుతుంది. మచ్చ మానినా వేరు చచ్చిపోతే జుట్టు ఇక రాదు. పైగా గురివింద గింజ విషం. నూరిన గింజ పిల్లల నోట్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం.

పిల్లల తలలో తామర

పిల్లల తలలో గుండ్రటి మచ్చ ఉందా? దాని మీద పొట్టు లేస్తోందా? దురద ఉందా? వెంట్రుకలు మొదట్లోనే తెగిపోయి నల్లచుక్కల్లా ఉన్నాయా? ఇది పేనుకొరుకుడు కాదు. తామర. ఇది బూజు వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

పైన పూసే మందుతో ఇది పోదు. బూజు వెంట్రుక వేరు దాకా పోతుంది. డాక్టరు రాసిన మాత్రలు కొన్ని వారాలు మింగాలి. తగ్గినట్టు కనిపించగానే మానకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చిన క్రీము రాయకండి. కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు దురద తగ్గుతుంది. తర్వాత తామర ఇంకా పెరుగుతుంది.

ఆ పిల్ల దువ్వెన, తువ్వాలు, తలగడ వేరుగా ఉంచండి. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూడండి.

చుండ్రు, పేలు, గట్టి జడ

చుండ్రు చాలామందికి ఉంటుంది. తల మీద ఉండే ఒక రకం బూజు ఎక్కువైతే వస్తుంది. నూనె పెడితే చుండ్రు తగ్గదు. నూనె దానికి మేత. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు పెట్టి, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి.

పేలు ఉంటే పేల మందు రాసి, పేల దువ్వెనతో దువ్వాలి. వారం పది రోజులకు మళ్లీ రాయాలి. ఎందుకంటే ఈపులు పగిలి కొత్త పేలు వస్తాయి. కిరోసిన్ రాయకూడదు. పొయ్యి దగ్గరికి పోతే నిప్పంటుకుంటుంది. పొలానికి కొట్టే పురుగు మందు తలకు అసలే రాయకూడదు. అది చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. ప్రాణం తీస్తుంది.

జడ బిగించి వేస్తే, ముడి లాగి కడితే నుదుటి దగ్గర జుట్టు పోతుంది. ఏళ్ల తరబడి అలాగే లాగితే వేర్లు చచ్చిపోతాయి. ఆడపిల్లలకు జడ వదులుగా వేయండి.

వయసు మీద పడేకొద్దీ కొందరికి పాపట వెడల్పవుతుంది. అమ్మకు, అమ్మమ్మకు ఉంటే మనకూ రావచ్చు. దీనికి డాక్టరు రాసే మందు ఉంది. అది వాడినంత కాలమే పనిచేస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు.

సీసా చదవండి

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. నూనె అమ్మేవాడి మాట వినేముందు సీసా మీద చదవండి. తయారు చేసిన వాళ్ల పేరు, చిరునామా ఉన్నాయా? లైసెన్సు నెంబరు ఉందా? తయారైన తేదీ, గడువు తేదీ ఉన్నాయా? ధర ఉందా? ఇవేవీ లేకపోతే కొనకండి.

1945 నాటి ఔషధ నియమాలు అని ఉన్నాయి. ఏ జబ్బులు నయం చేస్తామని మందులు చెప్పుకోకూడదో వాటిలో ఒక జాబితా ఉంది. బట్టతల ఆ జాబితాలో ఉంది. కాబట్టి "బట్టతల మీద జుట్టు మొలిపిస్తాం" అని రాసి ఉంటే అనుమానించండి.

మరి కొబ్బరినూనె? రాసుకోవచ్చు. వెంట్రుక తెగకుండా కాపాడుతుంది. కొత్త వెంట్రుకను మాత్రం మొలిపించదు.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

1. గుండ్రంగా మచ్చ పడి జుట్టు పోతే.
2. తలలో చీము, నొప్పి, పుండు ఉంటే.
3. కాన్పయి ఏడాది దాటినా ఊడటం తగ్గకపోతే.
4. జుట్టుతో పాటు నీరసం, ఆయాసం ఉంటే.
5. కనుబొమలు ఊడి, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే. ఇది కుష్టు కావచ్చు. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మందు పూర్తిగా వాడితే నయమవుతుంది.

గుర్తుంచుకుందాం

కాన్పు తర్వాత, జ్వరం తర్వాత ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది.
ఐరన్ మాత్రలు మానకూడదు. పాపకు పాలు మానకూడదు.
పేనుకొరుకుడు పేను వల్ల రాదు. గురివింద గింజ రాయకూడదు.
తామరకు మాత్రలు మింగాలి.
ముందు కారణం, తర్వాతే ఖర్చు.

చెప్పండి, రాయండి

1. రోజుకు ఎన్ని వెంట్రుకలు ఊడటం మామూలు?
2. కోడలు మాత్రలు ఎందుకు మానేసింది? నర్సమ్మ ఏం చెప్పింది?
3. పేనుకొరుకుడుకూ తామరకూ తేడా ఏమిటి?
4. మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు? ఆఖరున ఎవరు తింటారు? కేంద్రంలో మాట్లాడుకోండి.
5. మీ ఇంట్లో ఉన్న నూనె సీసా తీసుకోండి. దాని మీద ఉన్న గడువు తేదీ, ధర చూసి పలక మీద రాయండి.