నేత్ర సంరక్షణ - ఆయుర్వేద దృష్టి

జ్ఞానేంద్రియాలు ఐదింటిలోనూ కంటికిచ్చిన గౌరవం మన భాష మరి దేనికీ ఇవ్వలేదు. మిక్కిలి ప్రియమైనవారిని కంటిపాపలంటాం. శ్రద్ధగా పెంచడాన్ని కంటికి రెప్పలా కాపాడటమంటాం. మాటలో ఇంత ఆదరం చూపే మనం ఆ కంటిని పగలంతా పుస్తకానికీ, రాత్రి పొద్దుపోయేవరకు చేతిలోని ఫోనుకూ అప్పగిస్తున్నాం. పరీక్షలు సమీపించేసరికి కళ్ళు మండుతున్నాయనీ, తల బరువెక్కిందనీ, అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయనీ అనని విద్యార్థి అరుదు. ఇటువంటి బాధకు గల కారణాలను మన ప్రాచీన వైద్యులు చాలావరకు గుర్తించారు.

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. వాటిలో మెడకు పైభాగాన ఉన్న అవయవాల చికిత్సను తెలిపేది శాలాక్యతంత్రం. శలాక అంటే సన్నని పుల్ల. కంటికి మందు పెట్టడానికీ, శస్త్రకర్మకూ అటువంటి సాధనాలను వాడటం వల్ల ఈ శాస్త్రానికి ఆ పేరు వచ్చింది. విదేహరాజు నిమి దీనికి ఆద్యుడని సంప్రదాయం. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రంలో మొదటి 19 అధ్యాయాలు కంటికి సంబంధించినవే. అందులో 76 నేత్రరోగాలను వర్గీకరించి చెప్పారు. రెప్పవెంట్రుకలు, రెప్పలు, తెల్లగుడ్డు, నల్లగుడ్డు, దృష్టి అని కంటిని ఐదు మండలాలుగా విభజించారు.

రోగం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు చరక సంహిత ఇచ్చిన సమాధానం గమనింపదగినది. ఇంద్రియానికీ, అది గ్రహించే విషయానికీ పొసగని సంబంధం ఏర్పడటం రోగకారణాలలో ఒకటని ఆ గ్రంథం పేర్కొన్నది. మిక్కిలి కాంతిగల వస్తువులను అతిగా చూడటం అతియోగం. అసలే చూడకపోవడం అయోగం. మరీ దగ్గరివాటిని, మరీ దూరపువాటిని, భయంకరమైనవాటిని చూడటం మిథ్యాయోగం. దీపమార్పి, ముఖానికి జానెడు దూరంలో ఫోను పట్టుకొని అర్ధరాత్రి వరకు చూసేవాడు అతియోగ మిథ్యాయోగాలు రెంటినీ ఒకేసారి ఆచరిస్తున్నాడన్నమాట! సుశ్రుత సంహిత సైతం సూక్ష్మమైనవాటిని తదేకంగా చూడటం, పగటి నిద్ర, రాత్రి జాగరణ, పొగ, దుమ్ము, ఎండలో కాగిన దేహంతో వెంటనే చన్నీటిలో దిగడం, కన్నీటిని ఆపుకోవడం మొదలైనవాటిని నేత్రరోగ కారణాలుగా చెప్పింది.

నేటి వైద్యశాస్త్రం ఇదే విషయాన్ని మరొక విధంగా వివరిస్తున్నది. సాధారణంగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెరను చూస్తున్నప్పుడు ఆ సంఖ్య బాగా తగ్గిపోతుంది. కంటిపై ఉండే కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కటకాన్ని సర్దే కండరం బిగిసి ఉంటుంది. గంటల తరబడి అది సడలకపోతే అలసట, తలనొప్పి కలుగుతాయి. అందుకే ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడమని నేత్రవైద్యులు సలహా ఇస్తున్నారు. పిల్లలు ప్రతిదినం ఆరుబయట కొంతకాలం గడిపితే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని కూడా పరిశోధనలు తెలుపుతున్నాయి.

ఆహార విహారాల విషయంలో ప్రాచీనుల సూచనలు మరింత ఆసక్తికరంగా ఉంటాయి. రేచీకటికి మేక కాలేయాన్ని పిప్పళ్ళతో కలిపి తినిపించమని సుశ్రుత సంహిత చెప్పింది. ఎ విటమిను లోపం వల్ల రేచీకటి వస్తుందనీ, ఆ విటమిను కాలేయంలో నిలువ ఉంటుందనీ ఇరవయ్యో శతాబ్దంలో గాని తేలలేదు. కారణం తెలియకపోయినా అనుభవం వారిని సరైన మందు దగ్గరకే చేర్చింది. మన ఇళ్ళలో పొన్నగంటి కూరను 'పోయిన కంటి కూర' అనడం చమత్కారమే గాని, ఆకుకూరలు కంటికి మేలు చేస్తాయన్న మాట నిజం. తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడి పండ్లు కూడా ఇటువంటివే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల చూర్ణమైన త్రిఫలను రాత్రివేళ తేనె, నేతులతో సేవిస్తే కంటికి బలమని వాగ్భటుని అష్టాంగ హృదయం చెబుతున్నది. అరికాళ్ళకు నూనె మర్దించుకోవడం కూడా దృష్టికి మేలని ఆ సంప్రదాయం. దాని ప్రభావం ఎంతటిదైనా, హాయిగా నిద్ర పట్టడమే అలసిన కంటికి చాలు.

అయితే త్రిఫలతో కళ్ళద్దాలు తీసివేయవచ్చునన్న ప్రకటనలను నమ్మరాదు. సాధారణంగా కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల హ్రస్వదృష్టి కలుగుతుంది. ఏ చూర్ణమూ ఆ పొడవును తగ్గించలేదు. మినపపిండితో కంటిచుట్టూ గట్టు కట్టి, లోపల ఔషధ ఘృతాన్ని పోసే తర్పణం ఒక ప్రసిద్ధ చికిత్స. శిక్షణ పొందిన వైద్యుడు మాత్రమే దానిని చేయాలి. మూసిన రెప్పలపై నందివర్ధనం పూలు పెట్టుకోవడం వేరు, ఆ పూలరసాన్ని కంట్లో పిండుకోవడం వేరు. మొదటిది చల్లదనాన్నిస్తుంది. రెండవది కీడు చేయవచ్చు. బజారులో దొరికే కొన్ని కాటుకలలో, సుర్మాలలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది కనుక పసిపిల్లలకు వాటిని పెట్టే ముందు ఆలోచించాలి.

పల్లెలలో వరికోతల కాలంలో కంకి తగిలి కంటికి గాయం కావడం పరిపాటి. గాయం చిన్నదేనని తలచి, కొందరు చంటిబిడ్డ తల్లి పాలో, ఆకుపసరో, ఆముదమో వేసి ఊరుకుంటారు. కంకి మీది బూజు ఆ గాయంలో పెరిగి నల్లగుడ్డుపై పుండు ఏర్పడుతుంది. పసరులోని క్రిములు దానిని ఇంకా ముదిరిస్తాయి. కొద్దిరోజులలోనే గుడ్డుపై తెల్లని మచ్చ పడి, చూపు మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు కన్నే పోతుంది. ఆయుర్వేద గ్రంథాలు ప్రతి మందుకూ శుద్ధినీ, మోతాదునూ, కాలాన్నీ నిర్ణయించి చెప్పాయి. అవేవీ లేని పసరువైద్యాన్ని ఆయుర్వేదమనడం ఆ శాస్త్రానికే అన్యాయం. కంటిలో ఏదైనా పడినా, గుచ్చుకొన్నా నలపకూడదు. దుమ్ము పడితే శుభ్రమైన నీటితో కడగాలి. గుచ్చుకొన్నదానిని మాత్రం స్వయంగా లాగకుండా, కంటిని నొక్కకుండా, ఆనాడే నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.