మెడపట్టీ ఒక్కటే చాలదు

మెడ వెనక నల్లటి అర్ధవలయం కనిపిస్తే ‘మెడపట్టీ గువ్వ’ అని గుర్తు పెట్టేయడం పరీక్షలో అభ్యర్థులు తరచు చేసే పొరపాటు. ఆ పట్టీ మన చేలలో తిరిగే రెండు జాతులకూ ఉంది: స్ట్రెప్టోపేలియా డెకాఒక్టో (మెడపట్టీ గువ్వ), స్ట్రెప్టోపేలియా ట్రాంక్వెబారికా (ఎర్రగువ్వ). కాబట్టి ప్రశ్నలో పట్టీతో పాటు ఆడమగల తేడా ఉందా అని చూడాలి. మెడపట్టీ గువ్వలో రెండూ ఒకేలా లేత బూడిద రంగులో ఉంటాయి. ఎర్రగువ్వలో మాత్రం మగది ఇటుక ఛాయ ఎరుపు, తల నీలిబూడిద, ఆడది గోధుమరంగు.

రంగే చాలదా అంటే, చాలదు. ఎర్రగువ్వ ఆడది మెడపట్టీ గువ్వను పోలి మోసం చేస్తుంది. అప్పుడు పరిమాణం చూడాలి: మెడపట్టీ గువ్వ సుమారు 32 సెంటీమీటర్లు, ఎర్రగువ్వ 23 లోపే, తోకా పొట్టి. ఒంటరి పక్షి పొడవు అంచనా కష్టమనే అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ కూత ఆదుకుంటుంది. మెడపట్టీ గువ్వది మూడు స్వరాల నిదానమైన కూత, ఎర్రగువ్వది గరగరమంటూ వేగంగా సాగేది.

పేర్లూ పరీక్షకు పనికొస్తాయి. ట్రాంక్వెబార్ అంటే తమిళనాడులోని తరంగంబాడి, 1620 నుంచి 1845 దాకా డేనిష్ స్థావరం. డెకాఒక్టో అంటే గ్రీకులో పద్దెనిమిది. ఈ పేరున్న మెడపట్టీ గువ్వే 20వ శతాబ్దంలో ఐరోపా అంతటా వ్యాపించి, 1955లో బ్రిటన్‌లో గూడు కట్టింది.