డిజిటల్ బోర్డుపై తెలుగు అక్షరములు: పాత కంప్యూటరు పెట్టు చిక్కులు

పాఠశాలల ద్వారములవద్దను, బస్సు స్టేషనులలోను, ఆసుపత్రులలోను నల్లబల్లకు బదులుగా టెలివిజను వంటి తెరను వ్రేలాడగట్టి, దానికొక కంప్యూటరును తగిలించి ప్రకటనలను చూపుట నేడు వాడుకయైనది. దీనినే డిజిటల్ బోర్డు అందురు. తెర క్రొత్తదైనను దాని వెనుకనున్న కంప్యూటరు తరచుగా కార్యాలయమున పని తీరి మూలబడినదై యుండును. చిక్కులన్నియు అచ్చటనే పుట్టుచున్నవి. ఇంగ్లీషు ప్రకటనలో అవి అంతగా కనబడవు. తెలుగు ప్రకటనలో పూర్తిగా బయటపడును.

కాగితము చేయు మన జేకేపూర్‌లో కాగితము లేని ప్రకటనలనుగూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని విషయము చిన్నది కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము కొరాపుట్ సీమ మదరాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఈ ప్రాంతపు ఇండ్లలో తెలుగు నేటికిని వినబడుచున్నది. బోర్డుపై ఒడియా పంక్తియు ఇంగ్లీషు పంక్తియు చక్కగా నుండి, తెలుగు పంక్తి మాత్రము ఖాళీ గళ్లుగా కనబడినచో, బోర్డును చూచుకొనువారు ఆ పంక్తిని తీసివేయుదురు. అందు దురుద్దేశ మేమియు నుండనక్కరలేదు. చూచుటకు బాగులేదని తీసివేయుదురు. అపుడు తెలుగు మాత్రమే చదువగల తల్లికి పరీక్ష రుసుము కట్టవలసిన గడువు తెలియకపోవును. కావున “ఈ కంప్యూటరులో తెలుగు రాదు” అను మాట నిజమా కాదా యని పరీక్షింపగల విద్యార్థి ప్రతి తరగతిలో ఒకరైనను ఉండవలెనని మా యభిప్రాయము.

అచ్చుకూటమును తలచుకొన్నచో ఈ యంత్రపు పని సులభముగా తెలియును. అచ్చుపనికి మూడు కావలెను: వ్రాతప్రతి, టైపుల పెట్టె, టైపులను కూర్చు కంపోజిటరు. కంప్యూటరునందును ఈ మూడే గలవు. వ్రాతప్రతి సంఖ్యల రూపమున నుండును. యూనికోడ్ అను ప్రపంచ పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానము లీయబడినవి. క 3093, ష 3127, పొల్లు 3149. క్ష అను దానికి వేరు స్థానము లేదు. 3093, 3149, 3127 అను మూడు సంఖ్యలను వరుసగా నుంచినచో, కూర్చువాడు వానిని కలిపి క్షగా చూపవలెను. టైపుల పెట్టెయే ఫాంటు. కూర్చువాడు కంప్యూటరులోని ఒక సాఫ్ట్‌వేర్ భాగము.

ఒడియా బడిలో చదువు మిత్రులున్న విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయవచ్చును. ఒడియా లిపి స్థానములు 2816 నుండి 2943 వరకు. ఒడియా క 2837. దానిని మన 3093 నుండి తీసివేసిన 256 వచ్చును. చ, ట, త, ప లలో దేనిని తీసికొన్నను అదే 256. ఇస్కీ అను భారతీయ పట్టికయందు మన దేశపు లిపులకు ఒకే క్రమము నిచ్చియుండిరి. 1991లో వెలువడిన యూనికోడ్ ఆ క్రమమునే గ్రహించెను. ఇందులో పనికివచ్చు సంగతి యొకటి కలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు ఉన్నది. ఒడియా మాత్రము దాని తరువాతి విండోస్ విస్టాతో గాని రాలేదు. కావున విండోస్‌తో నడచు కంప్యూటరుపై ఒడియా సరిగా వచ్చుచున్నచో, తెలుగును కూర్చు శక్తియు దానికి తప్పక కలదు. “రాదు” అనుట సరికాదు.

ఇక తెరను చూచి రోగమును గుర్తించు విధము. అక్షరమున కొక ఖాళీ గడి కనబడినచో పెట్టెలో టైపులు లేవని యర్థము; తెలుగు యూనికోడ్ ఫాంటు నొకదానిని చేర్చిన సరిపోవును. అక్షరములు వచ్చియు క్ష అనునది క, పొల్లు, ష అని విడివిడిగా పడినచో కంపోజిటరు లేడు. విండోస్ ఎక్స్‌పీలో వానిని పిలుచుటకు కంట్రోల్ ప్యానెల్‌లోని రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరచి, లాంగ్వేజెస్ పుటలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అను మాటలున్న గడియందు గుర్తు పెట్టవలెను. అపుడది విండోస్ సీడీని అడుగును. దానిని ముందే దగ్గర నుంచుకొనుడు.

తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు వచ్చినచో కారణములు రెండు. పుస్తకముల అచ్చునకు వాడు అను ఫాంట్లవంటి పాత పద్ధతిలో టైపు చేసినది కావచ్చును. ఆ ఫాంటు లేని యంత్రమున అది పిచ్చివ్రాతగా కనబడును. లేదా యూనికోడ్ వ్రాతనే యంత్రము ఇంగ్లీషు వ్రాత యని భ్రమించి యుండును. వ్యాపించియున్న యూటీఎఫ్ 8 అను పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమును మూడు సంఖ్యలుగా దాచుదురు. క యనగా 224, 176, 149. తెలుగు అక్షరములన్నిటికిని మొదటిది 224, రెండవది 176 గాని 177 గాని. అందుచేత ఈ రెండవ రకపు పిచ్చివ్రాతలో ఒకే జంట గుర్తులు మాటిమాటికి తిరిగి వచ్చుచుండును. అట్లు వచ్చుచున్నచో సంతోషింపవలెను. వ్రాత చెడలేదు, చదువు పద్ధతిని మార్చిన చాలును. వరుసగా ప్రశ్నార్థకములు పడినచో మాత్రము వ్రాతప్రతియే తగులబడినట్లు. ఎవరో దానిని ఇంగ్లీషు పట్టికలో భద్రపరచినారు. మరల టైపు చేయుటకంటె మార్గము లేదు.

అన్నిటికంటె వింతయైనది కంటికి కనబడని ఒక సంఖ్య. మన ఊరి పేరునకు “లో” చేర్చి చూడుడు. పొల్లు తరువాత ల వచ్చుటచే యంత్రము “జేకేపూర్లో” అని ర క్రింద ల వత్తును పెట్టును. “జేకేపూర్‌లో” అని విడిగా నిలుపవలెనన్న, నడుమ 8204 అను సంఖ్యను చొప్పింపవలెను. దానికి రూపము లేదు. ఈ రెంటిని కలుపకుము అని కూర్చువానికి చెప్పు ఆజ్ఞ మాత్రమే. కొరాపుట్‌లో, సాఫ్ట్‌వేర్ అను మాటలకును ఇదే అవసరము. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లు ఈ ఆజ్ఞను గ్రహింపలేక దానిని గడిగానో నిలువు గీతగానో చూపును. వాక్యమంతయు బాగుండి ఒక్క “లో”కు ముందు మాత్రమే మచ్చ కనబడినచో అనుమానింపవలసినది దీనినే.

పాత యంత్రములే పొరపడునని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులు తెలుగులోని జ్ఞా అను అక్షరము సందేశములో వచ్చినంతనే స్తంభించినవి. జ్ఞ అను సంయుక్తాక్షరమునకును దీర్ఘమునకును నడుమ ఈ 8204 చేరియుండుటయే అందలి గుట్టు. దేవనాగరి, బెంగాలీ లిపులందును అట్టి కూర్పులు కొన్ని అదే పని చేసెను. ఫిబ్రవరి 19న సంస్థవారు 11.2.6 అను సవరణను విడుదల చేసిరి. అపుడు కొన్ని పత్రికలు “ఫోనులను చంపు తెలుగు అక్షరము” అన్న ధోరణిలో వ్రాసినవి. మాకది నచ్చలేదు. తప్పు కూర్చువానిది, అక్షరము చేసిన నేర మేమి?

తెరకు సంబంధించిన లోపములు వేరు. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు ఉండుటచే ఇంగ్లీషునకు చాలిన పంక్తి ఎత్తు మనకు చాలదు. “రాష్ట్రము”లోని క్రింది వత్తులు కోసుకొని పోయినచో ఫాంటును నిందింపక పంక్తుల నడుమ దూరమును పెంచుడు. తెర అంచులన్నియు కోసుకొని పోయినచో అది టెలివిజను బొమ్మను కొంచెము పెంచి చూపుటవలన కలిగినది. టెలివిజను మెనూలో బొమ్మను ఉన్నదున్నట్లు చూపు ఏర్పాటు కలదు. అక్షరములు అడ్డముగా లావెక్కినచో, 1024, 768 అను పాత కొలతలో కంప్యూటరు పంపినదానిని వెడల్పు తెర సాగదీయుచున్నదని యర్థము. కొంతసేపటికి తెర నల్లబడుట రోగమే కాదు, నిద్రింపుమని ఎవరో పెట్టిన నియమము.

తేదీ వెనుకకు పోవుట మాత్రము ఉపేక్షింపదగినది కాదు. కంప్యూటరు లోపల సీఆర్ 2032 అను నాణెపు ఆకారపు 3 వోల్టుల సెల్ ఉండును. అది అయిపోయినచో, కరెంటు తీసిన ప్రతిసారి గడియారము ఎన్నడో గడచిన సంవత్సరమునకు పోవును. ఫలానా తేదీన చూపుమని పెట్టిన ప్రకటన ఎన్నటికిని రాదు. కరెంటును పూర్తిగా తీసి, పెద్దల సమక్షమున దానిని మార్చవలెను.

ఏదియు ఫలింపనపుడు క్రొత్త కంప్యూటరుపై ప్రకటనను సిద్ధముచేసి, బొమ్మగా మార్చి పాతదానికి ఈయవచ్చును. బొమ్మను చూపుటకు ఫాంటు అక్కరలేదు. చాలమంది మొదటనే ఈ ఉపాయమును పట్టుదురు. మా దృష్టిలో ఇది కట్టు కట్టుటవంటిది. రేపు తేదీ మారిన బొమ్మ నంతటిని మరల చేయవలసి వచ్చును, ఆ శ్రమకు జంకి తెలుగు పంక్తినే మానుదురు. కావున వ్రాతను గూడ భద్రపరచుడు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను సంస్థవారి రక్షణ ముగిసినది గనుక అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు కలుపక, పెన్‌డ్రైవుతోనే ప్రకటనలు చేర్చుట మేలు.

బోర్డును సరిచేసిన పిమ్మట ఈ పంక్తిని టైపు చేసి పరీక్షింపుడు: “జేకేపూర్‌లో, కొరాపుట్‌లో స్త్రీల రాష్ట్రస్థాయి విజ్ఞాన క్షేత్రము.” అర్థము కొరకు కాదు, అందు చిక్కు కూర్పులెన్నో కలవు. దగ్గర నిలిచి కాక, తల్లిదండ్రులు నిలుచు గేటువద్దనుండి చదివి చూడుడు.