గిన్నెలు తోమే నీళ్లలో సైన్సు

చెల్లీ, కుక్కర్ ఇంకా కూతకు రాలేదుగా, ఇలా వచ్చి కూర్చో. నీకు కొన్ని వింతలు చెప్పాలి. చంద్రమండలం మీదవీ, సముద్రం అడుగువీ కావులే. నువ్వూ నేనూ రోజూ చెయ్యి పెట్టే చోటివే.

పిల్లాడి తెల్లచొక్కా మీద సాంబారు ఒలికిందనుకో. పచ్చటి మరకేగా అని సబ్బు రుద్దుతావు. రుద్దిన చోటల్లా ఎర్రగా తిరుగుతుంది. ఉన్న మరక పోకపోగా ఇదేం కొత్త మరకరా దేవుడా అనిపిస్తుంది. నీళ్లలో బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగే! ఇదంతా పసుపులో ఉండే కుర్కుమిన్ చేసే గారడీ. పులుపులో అది పచ్చగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బులో ఉన్నదీ క్షారమే, సున్నంలో ఉన్నదీ క్షారమే. కాళ్లకు పెట్టే పారాణి, కొత్త దంపతులకు గుమ్మంలో దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపి చేసేవేగా! కెమిస్ట్రీ వాళ్లు పసుపు పట్టించిన కాగితంతో క్షారాన్ని కనిపెట్టేవారు. మన అమ్మమ్మలు అదే పరీక్షను పళ్లెంలో చేసి, ఫలితాన్ని వీధిలో పారబోశారు.

మరి మరక పోయే దారేదంటావా? ఉతికి ఎండలో ఆరెయ్యి. కుర్కుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు, విరిగిపోతుంది. నీ బ్రష్షు చెయ్యలేని పని ఎండ చేసిపెడుతుంది.

దోసెల పెనం సంగతి చూడు. కాగిందో లేదోనని నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తాం. ఓ మోస్తరుగా కాగితే చుయ్‌మని ఆవిరైపోతాయి. మరి ఇంకా కాగితే ఇంకా తొందరగా పోవాలిగా? పోవు! గుండ్రంగా ముడుచుకుని పెనమంతా పరుగులు పెడతాయి. పెనం వేడి సుమారు 200 డిగ్రీలు దాటిందంటే చుక్క అడుగుభాగం ముందే ఆవిరైపోయి, ఆ ఆవిరి పొరే మిగతా చుక్కను ఎత్తి పట్టుకుంటుంది. చుక్కకీ పెనానికీ మధ్య ఆవిరే అడ్డం, అందుకే వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. జర్మనీలో లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో చుక్క నీళ్లు వేసి, అది ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టి 1756లో పుస్తకంలో రాశాడు. అర నిమిషం పైనే నిలిచిందట. ఆ వింతకు ఆయన పేరే ఉండిపోయింది.

ఇక్కడే నా మనసులో మాట చెప్పనీ. ఆయన కంటే ముందు ఎంతమంది ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుని ఆ చుక్కల పరుగు చూసి ఉంటారు? చూశారు, మంట తగ్గించారు, ఉల్లిచెక్కతో పెనం తుడిచి పని కానిచ్చారు. చూడటంలో మనం ఎవరికీ తీసిపోలేదు చెల్లీ. చూసినదాన్ని లెక్క కట్టి రాసిపెట్టడం దగ్గరే వెనకబడ్డాం. "రాసే తీరిక ఉండాలి, రాస్తే చదివే మనిషీ ఉండాలి కదక్కా" అంటావు. నిజమే. ఆ రెండూ పెద్దగా లేకపోయినా రాసినావిడ ఒకరున్నారు. ఆవిడ కథ విను.

పేరు ఆగ్నెస్ పాకెల్స్. 1862లో పుట్టింది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ ఊళ్లో ఉండేది. సైన్సంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడి యూనివర్సిటీలు ఆడపిల్లల్ని చేర్చుకునేవి కావు. తమ్ముడు ఫ్రెడరిక్ చక్కగా ఫిజిక్స్ చదువుకోవడానికి వెళ్లాడు. ఈవిడ ఇంట్లో జబ్బుపడ్డ అమ్మానాన్నల్ని చూసుకుంటూ, వంటా వార్పూ చూసుకుంటూ ఉండిపోయింది. తమ్ముడి పుస్తకాలే ఆవిడ కాలేజీ.

గిన్నెలు కడిగే నీళ్ల మీద జిడ్డు తేలితే నీటి తీరు మారిపోవడం ఆవిడ గమనించింది. ఊరికే గమనించి వదల్లేదు. ఒక రేకు తొట్టి తీసుకుని అంచుదాకా నీళ్లు నింపింది. దానికి అడ్డంగా ఓ సన్నటి రేకు పట్టీ వేసింది. ఆ పట్టీని ఇటు జరిపితే పైనున్న జిడ్డు పొర దగ్గరకి నొక్కుకుంటుంది, అటు జరిపితే పరుచుకుంటుంది. నీటి పైపొర ఎంత గట్టిగా పట్టుకుంటోందో తెలియాలి కదా? చిన్న త్రాసుకు ఓ బొత్తాం లాంటి బిళ్ల కట్టి, నీటిని తాకించి, పైకి లాగడానికి ఎంత బరువు వెయ్యాల్సి వచ్చిందో రాసుకుంది. ఇదంతా ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న వయసులో మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చేసింది.

ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే పెద్ద సైంటిస్టు అదే విషయం మీద పనిచేస్తున్నాడని తెలిసి, 1891 జనవరిలో ఆయనకు జర్మన్‌లో ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చింది ఎవరనుకున్నావు? రేలీ గారి భార్య! ఆయన దాన్ని చదివి పక్కన పడెయ్యలేదు, తన పేరు పెట్టుకోనూలేదు. 'నేచర్' పత్రికకు పంపి అచ్చు వేయించాడు. మార్చిలో అది ఆగ్నెస్ పేరుతోనే వచ్చింది. చదివే మనిషి మంచివాడైతే ఉత్తరం ఎంత దూరం పోతుందో చూశావా!

ఆ రేకు తొట్టిని తర్వాత అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ మెరుగుపరిచాడు. నీటిమీద ఒక్క అణువు మందాన పరుచుకునే పొరల గుట్టు విప్పాడు. 1932లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది, డెబ్బై ఏళ్ల ఆగ్నెస్‌కు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. లాంగ్‌మ్యూర్ దగ్గర పనిచేసిన కేథరిన్ బ్లాజెట్ ఆ సన్నటి పొరల్నే ఒకదానిమీద ఒకటి అద్ది, వెలుతురు తళతళ కొట్టని గాజును 1938 నాటికి తయారు చేసింది. గిన్నెల తొట్టి దగ్గర మొదలైన ముచ్చట అద్దాల దాకా వెళ్లింది.

ఆగ్నెస్ చూసినదాన్ని నువ్వూ చూడొచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లు. వేలికొసకు గిన్నెల సబ్బు అంటించి మధ్యలో తాకించు. పొడి మొత్తం ఒక్క ఉదుటున అంచులకు పారిపోతుంది! సబ్బు తగిలిన చోట నీటి పైపొర పట్టు సడలుతుంది, చుట్టూ ఉన్న పైపొర గట్టిది కాబట్టి తనవైపు లాగేసుకుంటుంది. పిల్లలు "ఇంకోసారి" అని గోల చేస్తారు. మళ్లీ పొడి చల్లి, మళ్లీ వేలు పెట్టు. ఈసారి కదలదు. పళ్లెం శుభ్రంగా కడిగి కొత్త నీళ్లు పోస్తేగానీ కదలదు. కంటికి కనపడనంత మరకైనా నీటి స్వభావాన్ని మార్చేస్తుందని ఆగ్నెస్ చెప్పింది ఇదే.

ఇంకొకావిడ సంగతి వింటే నీకు కాస్త ఒళ్లు మండుతుంది. ఫానీ హెస్సె. అమెరికాలో పుట్టి జర్మనీకి కోడలిగా వెళ్లింది. భర్త వాల్థర్ 1881లో రాబర్ట్ కోక్ అనే సైంటిస్టు ప్రయోగశాలలో బాక్టీరియా పెంచుతున్నాడు. వాటిని జెలటిన్ మీద పెంచేవారు. వేసవి వస్తే జెలటిన్ కరిగి నీళ్లయిపోయేది, కొన్ని బాక్టీరియాలైతే దాన్నే అరగదీసేవి. ఎండాకాలంలోనూ కరగని నీ జెల్లీల కిటుకేమిటని ఫానీని అడిగాడు. కిటుకు అగర్ అగర్. జావాలో ఉండి వచ్చిన ఒక డచ్ కుటుంబం చిన్నప్పుడు ఆవిడకు నేర్పిన వంట అది. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్ముతారే, అదే! ఒకసారి గడ్డకట్టిందంటే సుమారు 85 డిగ్రీల దాకా వేడెక్కితేగానీ కరగదు. ఆ కిటుకు వాల్థర్ ద్వారా కోక్‌కు చేరింది. 1882 మార్చి 24న కోక్ క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. ఆ పరిశోధన రాసిన వ్యాసంలో అగర్ పేరు ఉంది, ఫానీ పేరు లేదు. అగర్ పోసే గాజు పళ్లేనికి మాత్రం పెట్రి అనే ఆయన పేరు వచ్చింది. ఈసారి యూరిన్ కల్చర్‌కి ఇచ్చినప్పుడు గుర్తుంచుకో, ల్యాబులో వాళ్లు క్రిముల్ని పెంచేది ఆ ఇల్లాలి వంట సరుకు మీదే.

పేరూ డబ్బూ రెండూ దక్కించుకున్నవాళ్లూ ఉన్నారులే. తాతముత్తాతల నాటి పింగాణీ పళ్లేలు పనివాళ్ల చేతుల్లో అంచులు ఊడిపోతున్నాయని విసిగి, అమెరికాలో జోసెఫీన్ కాక్రేన్ నీళ్ల వేగంతో గిన్నెలు కడిగే యంత్రం చేసి 1886లో పేటెంట్ తీసుకుంది. జర్మనీలో డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ కాఫీలో మడ్డి తగులుతోందని, ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు కొట్టి, కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితం పరిచి డికాక్షన్ వడకట్టింది. 1908లో హక్కు రాయించుకుని వ్యాపారం పెట్టింది. ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

వాకిట్లోకి వద్దాం. మెలికల ముగ్గు వేస్తావుగా, చుక్కల చుట్టూ గీత తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. చిన్న ముగ్గు వచ్చినామె అదే పద్ధతిలో చుక్కలు పెంచుకుంటూ వాకిలంతా పరుస్తుంది. ప్రతిదీ బట్టీ పట్టదు, పెంచే సూత్రం ఆమె చేతిలో ఉంటుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో కలిసి కమల కృతివాసన్ తమిళుల ముగ్గులైన కోలాల్లోని ఆ సూత్రాలను పట్టుకుని, కంప్యూటర్ బొమ్మలకు వ్యాకరణంగా 1974లో వ్యాసం రాశారు.

పెరట్లో మిరపచెట్టు మీద వాలే చిలకను చూశావా? మనకు కళ్లనీళ్లు తెప్పించే కాయను చప్పుడు లేకుండా తినేస్తుంది. కారంలోని క్యాప్సైసిన్ మన నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లోనూ అలాంటిది ఉంది కానీ కారానికి అది పలకదు. చాలా పక్షులు మనలా గింజలు నమలకుండా మింగి దూరాన విసర్జిస్తాయి కాబట్టి మిరప మొక్కకూ పక్షే కావాలి. ఆవకాయ మండితే నీళ్లు తాగకు, క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. పెరుగన్నం కలుపుకో.

ఇన్ని చెప్పింది నిన్ను సైంటిస్టును చెయ్యాలని కాదు. "ఏదో అలా అవుతుందిలే" అని తుడిచేసే ముందు ఓ నిమిషం ఆగమని. పాల లెక్క రాసే క్యాలెండర్ ఉందిగా, దాని పక్కనే ఈ లెక్కా రాయి. పిల్లల సైన్సు పుస్తకం లాక్కుని చదువు, తమ్ముడి పుస్తకాలు చదివిన ఆగ్నెస్ మనకు తోడుంది.

సరే, నీకో పని. రెండు ఉల్లిపాయలు తీసుకో, ఒకే సైజువి. ఒకటి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు, రెండోది గట్టు మీదే ఉంచు. పొద్దున్నే ఒకే కత్తితో, ఒకదాని తర్వాత ఒకటి తరుగు. దేనికి కళ్లు ఎక్కువ మండాయో, ఎంతసేపటికి మండాయో రాసిపెట్టు. కారణం ఇప్పుడే చెప్పను. ముందు నీ లెక్క పట్టుకురా, తర్వాత మాట్లాడదాం.